పాట ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లు

పుంగ్గోల్‌లో మెట్రో ఎక్కి, డోబీ ఘాట్‌లో లైను మారి, ఒక్క స్టేషను అవతల బ్రాస్ బాసాలో దిగితే సింగపూరు కథీడ్రల్ నడిచిపోయేంత దగ్గర. మంచి కాపరి పేరున వెలసిన గుడి అది. ఆదివారం పొద్దున రైల్లో చేతిలో నల్ల ఫైలు పట్టుకుని, పెదవులు మాత్రం కదుపుతూ ఎవరైనా కనిపిస్తే గాయక బృందం మనిషేమో అనుకోవచ్చు. ఫైల్లో ఉండేవి ఆ రోజు పాటల కాగితాలు. పెదవుల మీద ఉన్నది ఇంకా పట్టుబడని ఏదో ఒక చరణం.

ఆ గుడిలో పాట వినడానికని కూర్చున్నవాణ్ని, పాటకూ పూజకూ మధ్య ఉన్న అతుకుల మీదే చూపు నిలిపాను. గొంతులు బాగున్న బృందాలు చాలాచోట్ల ఉంటాయి. అతుకు కనపడకుండా పాటను పూజలో కలిపేసే బృందాలు తక్కువ. కథీడ్రల్ సంగీతంలో అసలు పనితనం అక్కడే ఉందని నా నమ్మకం.

గుడి సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1843లో పునాదిరాయి వేశారు, 1847లో తలుపులు తెరిచారు. 1839లో కొరియాలో వేదసాక్షిగా మరణించిన ఫ్రెంచి బిషప్ లారెంట్ ఇంబెర్‌ను తలచుకుని, మందకోసం ప్రాణమిచ్చే కాపరి పేరు పెట్టుకున్నారు. 1888లో మలక్కా మేత్రాసనం తిరిగి ఏర్పడినప్పుడు ఇది కథీడ్రల్ అయింది. 1973లో జాతీయ కట్టడంగా ప్రకటించారు. 2013 నుంచి మూడేళ్లపాటు మూసి మరమ్మతు చేసి 2016 చివర్లో మళ్లీ తెరిచారు. మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటుంది. సింగపూరు అగ్రపీఠాధిపతి విలియం గో, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని ఇద్దరూ ఒకే రోజున, 2022 ఆగస్టు 27న, పోప్ ఫ్రాన్సిస్ చేతుల మీదుగా కార్డినల్స్ అయ్యారు.

బిషప్ పీఠం ఉన్న గుడిలో ఏం పాడతారో, ఎలా పాడతారో మేత్రాసనంలోని విచారణలన్నీ గమనిస్తాయి. ఉదాహరణకు పుంగ్గోల్ రోడ్డు మొదట్లో, అప్పర్ సెరంగూన్ రోడ్డు మీద మరియ మాత జననం పేరున ఒక పాత గుడి ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల తోటలు వేసుకుని బతికిన తియోచ్యూ చీనా కతోలికుల గుడి అది. ఇప్పుడున్న భవనం 1901 నాటిది. గీసినది ఫాదర్ షార్ల్ నైన్ అనే ఫ్రెంచి గురువు. అలాంటి విచారణల్లో ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు పాట నేర్చుకునేవాళ్లకు కథీడ్రల్ ఒక కొలబద్ద. 1963 డిసెంబరులో రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద వెలువరించిన పత్రం కూడా గాయక బృందాలను శ్రద్ధగా పెంచాలని చెబుతూ, ముఖ్యంగా కథీడ్రల్‌లలో అని ప్రత్యేకంగా పేర్కొంది. అదే పత్రం జనం నోరు కట్టేయకూడదని కూడా చెప్పింది. బృందం బాగా పాడాలి, జనమూ పాడాలి. ఈ రెండింటినీ కలిపి నడపడమే సంగీత దర్శకుడి జీవితం.

పూజలో పాటలు రెండు రకాలు. కొన్నింట్లో పాటే ఆరాధన. మహోన్నత గీతం నడుస్తున్నప్పుడు పీఠం దగ్గర వేరే పనేదీ జరగదు. గురువూ నిలబడి పాడతారు, పాట ముగిసేదాకా ఆగుతారు. వాచకానికీ వాచకానికీ మధ్య వచ్చే కీర్తన కూడా అంతే. రెండో రకం పాటలు ఒక పనికి తోడుగా వచ్చేవి. గురువు నడిచి వచ్చేటప్పుడు ప్రవేశ గీతం, కానుకలు తెచ్చేటప్పుడు అర్పణ గీతం, రొట్టె విరిచేటప్పుడు గొర్రెపిల్ల ప్రార్థన, జనం వరస కట్టినప్పుడు సత్ప్రసాద గీతం. అక్కడ పాట పనికోసం ఆగాలి, పని అయిపోతే తానూ అయిపోవాలి. ఈ తేడా తెలియని బృందం ఎంత బాగా పాడినా, గురువు ఆసనం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంటే వీళ్లు ఐదో చరణం ఎత్తుకుంటారు.

ప్రవేశ గీతాన్ని చూడండి. గురువులు నడవాలి, పీఠాన్ని ముద్దు పెట్టుకోవాలి, సాంబ్రాణి ఉన్న రోజున పీఠం చుట్టూ తిరిగి ధూపం వేయాలి, అప్పుడు ఆసనం దగ్గరికి వెళ్లాలి. మామూలు ఆదివారం రెండు చరణాలు సరిపోతాయి. బిషప్ వచ్చి వెనక పాతికమంది గురువులు నడిచే రోజున ఐదు చాలవు. దర్శకుడు పాట ఎంచేటప్పుడే ఇది లెక్క వేసుకుంటాడు. తండ్రికి, కుమారునికి, పవిత్రాత్మకు ఒక్కో చరణం రాసిన పాటను రెండో చరణంతో ఆపడానికి వీల్లేదు, పవిత్రాత్మ పేరే రాకుండా పోతుంది. అందుకని చిన్న నడక ఉన్న రోజున అలాంటి పాట జోలికి పోడు. ఎక్కడ ఆపినా అర్థం తెగని పాటను వెతుకుతాడు. చరణాలు అయిపోయినా ధూపం మిగిలితే ఆర్గనిస్టు అదే స్వరాన్ని అందుకుని గురువు ఆసనం చేరేదాకా నడిపించి, అక్కడ మెల్లగా దించేస్తాడు. కింద కూర్చున్నవాళ్లకు పాటే అంత పొడుగనిపిస్తుంది.

ఇంతకంటే సున్నితమైనది గొర్రెపిల్ల ప్రార్థన. గురువు అప్పాన్ని విరుస్తున్నంతసేపూ ఈ ప్రార్థన మళ్లీ మళ్లీ వస్తుంది, చివరిసారి మాత్రం శాంతిని అడుగుతూ ముగుస్తుంది. సాధారణంగా మూడుసార్లు సరిపోతుంది. సహగురువులు ఎక్కువమంది ఉండి, పాత్రలు ఎక్కువ ఉన్నప్పుడు సరిపోదు. చివరి వరస ఎప్పుడు పాడాలో కాగితం మీద ఉండదు, గురువు చేతుల్లో ఉంటుంది. ద్వారం పైనున్న మేడలో, పీఠానికి అంత దూరాన నిలబడిన దర్శకుడు ఆ చేతులనే చూస్తుంటాడు. చివరి ముక్క పాత్రలో పడేలోపు వేలెత్తి బృందానికి సైగ చేస్తాడు, ఇదే ఆఖరిది అని. మన పెళ్లిళ్లలో సన్నాయి వాయించే పెద్దాయన రాగం ఎంత లోతుల్లో ఉన్నా ఒక కన్ను పురోహితుడి మీదే ఉంచి, సూత్రం మెడను తాకే వేళకు గట్టిమేళం అందుకుంటాడు చూడండి, ఆ కన్నే ఇక్కడా పనిచేస్తుంది.

సత్ప్రసాదం వేళ ఇంకో చిక్కు. గురువు తాను స్వీకరిస్తుండగానే పాట మొదలవ్వాలని పూజా గ్రంథం సూచన. జనం స్వీకరించినంతసేపూ సాగాలి. గాయకులకూ సత్ప్రసాదం అందేలా చూడాలని అదే సూచన చెబుతుంది. మరి అందరూ మెట్లు దిగి వరసలోకి వెళితే పాడేదెవరు? ఒక్కో చోట ఒక్కో ఏర్పాటు. కొన్ని బృందాల్లో మొదట ఆర్గను ఒక్కటే నిదానంగా వాయిస్తుండగా గాయకులు దిగి వచ్చేస్తారు, తర్వాత పాట అందుకుంటారు. ఇంకొన్ని బృందాల్లో ఒక గొంతు చరణాలు పాడుతుంటే, వరసలో నడుస్తున్న జనం పల్లవి అందుకుంటారు. నాకు రెండోదే ఇష్టం. చేతులు జోడించి నడిచే మనిషి పుస్తకం పట్టుకోలేడు, చరణం చదవలేడు. కంఠతా వచ్చిన చిన్న పల్లవి ఒకటి ఉంటే నడుస్తూ పాడగలడు. సత్ప్రసాదానికి నాలుగు పేజీల కీర్తన పెట్టిన దర్శకుడికి సంగీతం బాగా తెలిసి ఉండొచ్చు, జనం నడక తెలియదు.

ఇక ఆర్గను. లండన్‌కు చెందిన బెవింగ్టన్ అండ్ సన్స్ వాళ్లు చేసి పంపితే 1912లో ఈ కథీడ్రల్‌లో నిలబెట్టారు. సింగపూరులో ఇప్పటికీ మోగుతున్న గొట్టాల ఆర్గన్లలో ఇదే పాతది. గుడి మరమ్మతు తర్వాత దీన్ని తిరిగి నిలబెట్టినది ఫిలిప్పీన్స్‌లోని డియేగో సెరా అనే ఆర్గను తయారీ సంస్థ. ఆ పేరు వెనక ఒక గురువున్నారు. 19వ శతాబ్దం మొదట్లో మనీలా దగ్గరి లాస్ పిన్యాస్‌లో వెదురు గొట్టాలతో ఆర్గను కట్టిన ఫాదర్ డియేగో సెరా. దాని వెయ్యికి పైగా గొట్టాల్లో తొమ్మిది వందల పైచిలుకు వెదురువే. ఉక్కపోత దేశాల్లో ఈ వాయిద్యం ఎలా బతుకుతుందో ఆ గడ్డ మీద రెండు వందల ఏళ్లుగా తెలుసన్నమాట.

ఉక్కపోత మాట ఊరికే అనలేదు. ఆర్గను గొట్టంలో మోగేది గాలి. గాలి వేడెక్కితే స్వరం పైకి పోతుంది, ఒక్క డిగ్రీకి సుమారు మూడు సెంట్లు. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. ఏసీ వేసిన గుడికీ ఆపేసిన గుడికీ ఐదు డిగ్రీల తేడా ఉంటే పదిహేను సెంట్ల తేడా, చెవి ఉన్నవాడికి తెలిసిపోయేంత. పైగా నాలుక ఉన్న గొట్టాలు మిగతా గొట్టాలంత మారవు, దాంతో ఒకే వాయిద్యంలో రెండు కుటుంబాలు విడిపోతాయి. అందుకే శ్రుతి చేసే మనిషి పూజ జరిగే వేళకు గుడి ఎంత వేడిగా ఉంటుందో అంత వేడిలోనే చేయాలి. తేమ సంగతి వేరే. తోలు, చెక్క రెండూ తేమను పీలుస్తాయి, ఉబ్బుతాయి, మీట ఇరుక్కుంటుంది. నూరేళ్లు దాటిన వాయిద్యం భూమధ్యరేఖకు ఇంత దగ్గర ఆదివారం ఆదివారం మోగుతోందంటే, దాని వెనక ఎవరో ఒకరు పట్టు వదలకుండా చూసుకుంటూ వచ్చారని అర్థం. మరమ్మతుకు డబ్బు సమకూర్చడం, మనిషిని పిలిపించడం, మరమ్మతు జరిగే వారాల్లో పాట ఎలా నడపాలో చూసుకోవడం, ఇవన్నీ సంగీత పరిచర్య పనులే.

ఆర్గనిస్టుకు ఉండే కష్టాన్ని అంకెల్లో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. నలభై మీటర్ల గుడి అనుకోండి. మేడ మీద మోగిన స్వరం ముందు వరసకు చేరడానికి సెకనులో పదో వంతుకు పైనే పడుతుంది. ఆ వరసలో వాళ్లు విని పాడిన పాట మళ్లీ మేడ దాకా రావడానికి మరో అంత. అంటే ఆర్గనిస్టు చెవికి జనం పాట దాదాపు పావు సెకను ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి ఎనభై తాళాల పాటలో అది తాళంలో మూడో వంతు. జనం వెనకబడ్డారే, ఆగుదామని ఆర్గనిస్టు ఆగాడా, జనం ఇంకా ఆగుతారు. రెండు చరణాలయ్యేసరికి పాట పాడె మీద పడుకుంటుంది. కాబట్టి చెవికి వినపడేదాన్ని నమ్మకుండా వేళ్లు నడపాలి. జనాన్ని ప్రేమించాలి, జనం కోసం ఆగకూడదు. ఇది వంటబట్టడానికి ఏళ్లు పడుతుంది.

అదే మనిషి చరణం చివర మాత్రం ఆగాలి. చేతులు మీటల మీదినుంచి పూర్తిగా లేపి, గుడి మొత్తం ఊపిరి తీసుకునేంత ఖాళీ ఇవ్వాలి. ఆ ఖాళీ ప్రతి చరణానికీ ఒకేలా ఉండాలి. రెండో చరణానికల్లా జనం ఆ కొలత పట్టేస్తారు, మూడో చరణం ఎవరూ సైగ చేయకుండానే అంతా ఒక్కసారి ఎత్తుకుంటారు. బాగా నడిచే గుడిలో వినాల్సింది ఆ ఎత్తుగడే. శ్రుతి ఎంపిక కూడా జనం కోసమే. గాయకులకు సుఖంగా ఉండే పై స్థాయిలో పాట పెడితే మగవాళ్లు మూడో వరసలో నోరు మూసేస్తారు. ఒక మెట్టు దించితే గాయకుల మెరుపు కొంచెం తగ్గుతుంది, గుడి గొంతు పెరుగుతుంది. మంచి దర్శకుడు ఆ మెట్టు దించుతాడు. మెరవాలనుకున్న గాయకుల కోసం చివరి చరణంలో పైన వేరే వరస కడతాడు.

ఇంగ్లీషులో పాడే బృందానికి మరో కష్టం మాటల చివరి హల్లులు. నలభైమంది నలభై క్షణాల్లో ‘స్’ అంటే గుడంతా బుస్సుమంటుంది. చివరి హల్లు ఏ తాళం మీద పడాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, అందరూ కలిసి వేస్తారు. గాయకుల కాగితాలు చూస్తే స్వరాల కంటే ఇలాంటి గుర్తులే ఎక్కువ. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి తెలుగు బృందాలకు ఈ బెడద తక్కువ. అయితే తెరిచి ఉన్న అచ్చును ఎంతసేపు లాగాలో ఎవరిష్టం వారిది అయిపోతుంది. మనవాళ్లు పెన్సిలు పెట్టాల్సిన చోటు అది.

పుంగ్గోల్‌లో ఉంటూ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న మన గుంటూరు వైపు అమ్మాయి ఒకతె తన విచారణ బృందంలో పాడుతుంది. రాత్రి డ్యూటీ దిగి అలాగే సాధనకు వెళ్లే రోజులున్నాయట. “మా ఊళ్లో పాట ఎప్పుడు మొదలుపెట్టాలో మా ఇష్టమన్నా, ఇక్కడ ఫాదర్ అడుగును బట్టి” అంది. బృందాల బతుకంతా ఇలాంటివాళ్ల మీదే. లండన్ వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్‌కు 1901 నుంచి సొంత బడి ఉంది, అక్కడి పిల్లలు చదువుతో పాటు పాట నేర్చుకుంటారు. సింగపూరు లాంటి చోట బృందాలు నిలిచేది ఎక్కువగా ఉద్యోగం, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు అన్నీ చూసుకుని వచ్చేవాళ్లతో. అందుకని దర్శకుడి పనిలో సగం మనుషుల పని. ఈ వారం మంద్రం పాడేవాళ్లు ఇద్దరే వస్తారని ముందే తెలియాలి, ఆ ఇద్దరితో నిలబడే పాట సిద్ధంగా ఉండాలి. అచ్చు కాగితాలకు హక్కుల అనుమతి ఉండాలి, నకళ్లు చాలినన్ని ఉండాలి, పూజ అయ్యాక తిరిగి పెట్టెలో చేరాలి. పెళ్లికి వచ్చిన జంట సినిమా పాట అడిగితే వాళ్ల మనసు నొప్పించకుండా వేరే పాట వినిపించి ఒప్పించాలి. అంత్యక్రియ పూజకు పొద్దున కబురొస్తే సాయంత్రానికి ఒక గొంతు, ఒక ఆర్గనిస్టు ఉండాలి. నా లెక్కలో ఈ ఆఖరిదే అన్నింటికంటే ముఖ్యం. ఇంట్లో మనిషి పోయినవాళ్లు పాడలేరు, వాళ్ల బదులు ఎవరో పాడాలి.

తపస్సు కాలంలో ఈ యంత్రాంగమంతా వెనక్కి తగ్గుతుంది. మహోన్నత గీతం ఉండదు, అల్లెలూయ వినపడదు. ఆర్గను పాటను నిలబెట్టడానికి మాత్రమే మోగాలి, దానంతట అది వాయించకూడదు. నాలుగో ఆదివారానికీ, పెద్ద పండుగలకూ మాత్రం సడలింపు ఉంది. పవిత్ర గురువారం సాయంత్రం మహోన్నత గీతానికి గంటలు మోగి, పాస్కా జాగరణ దాకా మూగవోతాయి. నలభై రోజులు ఆర్గను ఆసరా తగ్గించుకుని పాడిన బృందానికి సొంత కాళ్లు వస్తాయి. శ్రుతి జారుతోందా, ఎవరు ఎవరి మీద ఒరిగి పాడుతున్నారు, అన్నీ బయటపడతాయి. తెలివైన దర్శకులు ఈ కాలాన్ని శిక్షణగా వాడుకుంటారు. పాస్కా రాత్రి అంత గట్టిగా పాడగలగడానికి కారణం తపస్సు కాలపు ఆదివారాలు.

మన దగ్గరి మాట. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కథీడ్రల్‌లో 1875 క్రిస్మస్ నాడు తొలి పూజ జరిగింది. ఇప్పుడు అక్కడ తెలుగు పూజా ఉంది, ఇంగ్లీషు పూజా ఉంది. తెలుగు వైపు మనకొక ఆస్తి ముందే చేతిలో ఉంది. వాచకాల మధ్య కీర్తనకు కావలసింది జనం అందుకునే ఒక చిన్న వరస, గాయకుడు పాడే చరణాలు. మన పల్లవి, చరణాల పద్ధతి సరిగ్గా అదే. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాగతాళాలు కట్టి రాసిన క్రైస్తవ కీర్తనలు ఇతర సంఘాల గుళ్లలో తరాల తరబడి కంఠతా నిలవడానికి ఆ పద్ధతే ఒక కారణం. చేయాల్సిన పని కొంత ఉంది. పల్లవిలో గమకాలు తగ్గించి వందమంది ఒకేసారి ఎత్తుకునేలా నిటారుగా కట్టాలి, గమకాలు చరణం పాడే ఒక్క గొంతుకు వదిలేయాలి. హార్మోనియం వాయించేవారు పల్లవి చివరి వరస ఒకసారి వినిపించి, ఊపిరంత ఖాళీ ఇవ్వాలి. తబలా వాయించేవారిని పీఠం కనపడే చోట కూర్చోబెట్టాలి.

వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. ఖరీదైనది ఒకటే ఉంది, మనిషి. ఆదివారం వాచకాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి. ఆ చక్రం ఒక్కసారి పూర్తయ్యేలోపు ప్రతి ఆదివారానికీ ఒక తెలుగు పల్లవి కట్టి, జనానికి నేర్పి, రాసిపెట్టి, తర్వాతివాళ్లకు అప్పగించే మనిషి కావాలి. అలాంటివాళ్లను వెతికి, సంగీతం చదివించి, ఇల్లు గడిచేంత జీతమిచ్చి ఆ పనిలోనే కూర్చోబెట్టడం మేత్రాసనాలు చేయదగిన ఖర్చు. గుంటూరైనా, విజయవాడైనా, విశాఖపట్నమైనా ముందు ఒక్క కథీడ్రల్‌లో మొదలైతే చాలు.